ఆ గదిలో మనోళ్లు ఎవరున్నరు?

(ఆర్మూరులో మా ఆదివారం సాహిత్య తరగతి విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ల సంఘం కార్యకర్తలు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాళ మేం ఒక నాటకం గురించి మాట్లాడుతాం. పసుపు కాంటాలు నడుస్తున్న రోజుల్లో, ఒక పూట కైకిలి పోగొట్టుకొని వచ్చినోళ్ల ముందు నాటకం ముచ్చటేందని మీలో కొందరికి అనిపించవచ్చు. అదీ మన దేశం నాటకం కాదు, అమెరికా తెల్లోళ్ల నాటకం. డెబ్బై ఏళ్ల కింద రాసింది. కానీ ఆ నాటకం చదువుతుంటే మా తరగతిలో ఒక పిల్ల లేచి మాట్లాడింది. ఆ పిల్ల మాట వల్లనే ఈ సభ పెట్టుకోవాల్సి వచ్చింది. కొంచెం ఓపిక పట్టి వినండి. ముందు నాటకం చెప్తాం, తర్వాత పసుపు దగ్గరికి వస్తాం.

మేం నలుగురం పంతుళ్లం. ఆదివారం పొద్దున సంఘం గదిలో, డిగ్రీ చదివే మన వాడల పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం చెప్తున్నాం. గైడు బట్టీ కొట్టి పాసయ్యే చదువు మన పిల్లలకు చాలదు. ఇంగ్లీషు రాదన్న భయంతో వెనక బెంచీలో కూర్చున్న పిల్లలు బతుకంతా వెనక బెంచీలోనే ఉండిపోతున్నరు. అందుకని ఒక్కో పేజీ పైకి చదివించి, మన భాషలో అర్థం చెప్పుకుంటూ పోతాం. ఒక ఆదివారానికి నాలుగు పేజీలు దాటవు. ఒక్కోసారి ఒక పేజీ మీదనే లొల్లి అయితది. ఆ లొల్లే మాకు కావాలె.

నాటకం పేరు 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్'. కోపం మీదున్న పన్నెండు మంది మగవాళ్లు అని అర్థం. రాసినాయన రెజినాల్డ్ రోజ్. న్యూయార్కులో ఒక మనిషి చావు కేసులో తానే స్వయంగా జ్యూరీలో కూర్చొని వచ్చిన తర్వాత రాసిండు. 1954 సెప్టెంబరులో మొదట టీవీ నాటకంగా వచ్చింది. 1957లో సిడ్నీ లూమెట్ సినిమా తీసిండు. 1986లో బాసు చటర్జీ హిందీలో 'ఏక్ రుకా హువా ఫైస్లా' అని తీసిండు. అప్పటికి మన దేశంలో జ్యూరీ పోయి పన్నెండేళ్లు. లేని జ్యూరీ మీద తీసిన సినిమాను కూడా జనం కూర్చొని చూసిన్రు.

జ్యూరీ అంటే ఏంది? అమెరికాలో నేరం కేసు విచారణకు వస్తే, ఊరి జనంలోంచి పన్నెండు మందిని ఏరి కూర్చోబెడతరు. వాళ్లు వకీళ్లు కారు, జడ్జీలు కారు. చెప్పులు అమ్మేటోడు ఉండొచ్చు, గుమస్తా ఉండొచ్చు. సాక్ష్యాలన్నీ విన్నంక వాళ్లను ఒక గదిలో పెట్టి తలుపేస్తరు. ముద్దాయి నేరం చేసిండా లేదా అని తేల్చేది వాళ్లే. ఈ నాటకంలో పన్నెండు మందీ ఒక్క మాట మీదికి రావాలె. ఇంకొకటి ముఖ్యం. న్యాయమైన సందేహం ఏ కొంచెం మిగిలినా శిక్ష వేయొద్దు.

ఇది చెప్తుంటే ఒక పోరడు లేచి, "సార్, వీళ్లు పెద్దమనుషులా? మన వీడీసీ లెక్కనా?" అని అడిగిండు. తరగతంతా నవ్వింది. మేం కూడా నవ్వినం. తర్వాత ఆలోచిస్తే అది నవ్వే ప్రశ్న కాదని తెలిసింది.

నాటకంలో కథ చిన్నది. మురికివాడలో పుట్టి పెరిగిన ఒక కుర్రాడు తన తండ్రిని కత్తితో పొడిచి చంపిండని కేసు. నేరం రుజువైతే ఉరి లాంటి చావే. గదిలోకి పోంగనే ఓటు పెడితే పదకొండు మంది దోషి అన్నరు. ఒక్కడే కాదన్నడు. అతనికి కూడా కుర్రాడు చంపలేదని నమ్మకమేం లేదు. ఒక మనిషి ప్రాణం తీసే ముందర కొద్దిసేపు మాట్లాడుకుందామన్నడు, అంతే. ఒకడికి బేస్‌బాల్ ఆటకు టైమయితుంది. ఇంకొకడికి తన కొడుకు మీదున్న కోపం ఈ కుర్రాడి మీదికి మళ్లింది. పదో నంబరు మనిషి ఉన్నడు చూడండి, ఆయన మాటలు మన పిల్లలకు తర్జుమా చేయాల్సిన పని పడలేదు. 'ఆ వాడ జనమంతా అంతే, పుట్టుకతోనే అబద్ధాలు, తాగుడు, కొట్లాటలు' అనే ధోరణి. ఇటువంటి మాటలు మన పిల్లలు పాలు తాగినప్పటి నుంచి వింటున్నరు.

మెల్లమెల్లగా సాక్ష్యాలు ఒక్కొక్కటే సడలిపోతయి. కింది అంతస్తు ముసలాయన అరుపు విని, పదిహేను సెకన్లలో తలుపు దాకా వచ్చి, కుర్రాడు పారిపోతుంటే చూసిన అన్నడు. ఆయన కాలు ఈడ్చుకుంటూ నడుస్తడు. గదిలోనే అడుగులు కొలిచి నడిచి చూస్తే నలభై సెకన్లు పట్టింది. ఎదురింటి ఆమె రైలు కిటికీల్లోంచి హత్య చూసిన అన్నది. ఆమె ముక్కు మీద కళ్లజోడు గుంటలున్నయని ఒకరికి యాదికొచ్చింది. రాత్రి పడక మీంచి కళ్లజోడు లేకుండ ఏం చూసింది?

ఇవన్నీ బాగున్నయి. కానీ మా తరగతిని పట్టుకున్నది వేరే జాగ. అయిదో నంబరు మనిషి. గదిలో పెద్దగా మాట్లాడడు. వాడల మీద తిట్లు పడుతుంటే తల దించుకొని కూర్చుంటడు. ఎందుకంటే ఆయన కూడా మురికివాడలోనే పెరిగిండు. ఇప్పుడు మంచి బట్టలు వేసుకున్నడు గాని పుట్టింది అక్కడే. తండ్రికి ఛాతీలో కత్తిపోటు పై నుంచి కిందికి దిగింది. కొడుకు తండ్రి కంటే పొట్టోడు. దాని మీద లెక్కలు నడుస్తుంటే ఈ అయిదో నంబరు మనిషి నోరు తెరిచి, ఆ రకం మీట కత్తి వాడేటోళ్లు ఎవరూ చేయెత్తి పై నుంచి పొడవరు, కింది నుంచి పైకి పొడుస్తరు అని చెప్పిండు. చిన్నప్పుడు తన గుమ్మం ముందరనే అటువంటి కొట్లాటలు చూసిండు. మిగతా పదకొండు మందికి ఆ సంగతి తెలియదు. వకీళ్లకు తెలియదు. జడ్జికి తెలియదు. వాడలో పెరిగినోడికే తెలుసు.

ఆ పేజీ అయిపోయినంక మా తరగతిలో ఒక పిల్ల లేచింది. అప్పటిదాకా మూడు నెలల్లో మేం అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. "సార్, మా మేనమామ సంగతి చెప్పాలె" అన్నది.

ఊరి పేరు చెప్పం. ఆర్మూరు చుట్టుపక్కల ఊరే. మొన్నటి పసుపు కాలంలో ఒక రైతు అరెకరం పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోసిండు. రాత్రి కావలికి ఈ పిల్ల మేనమామను పెట్టుకున్నడు. ఏడెనిమిది రోజులు ఎండినంక ఒకనాడు మబ్బు పట్టింది. వాన వస్తదేమోనని పసుపును సంచులకెత్తి, కాంటా పెట్టి, పైన పట్టా కప్పిన్రు. పన్నెండు క్వింటాళ్లు తూగింది. వాన రాలేదు. తెల్లారి మళ్ల ఆరబోసిన్రు. ఇంకో వారం ఎండింది. డ్రమ్ముల పాలిష్ పట్టించి నిజామాబాద్ యార్డుకు తీసేటప్పుడు కాంటా పెడితే పది క్వింటాళ్లకు కూడా కొంచెం తక్కువే వచ్చింది. రెండు క్వింటాళ్లంటే నాలుగు సంచులు. కావలి ఉన్నోడు ఎవడు? మాదిగోడు. ఇంకేం కావాలె.

వీడీసీ కూర్చున్నది. అంటే గ్రామాభివృద్ధి కమిటీ. కొన్ని ఊళ్లల్ల సర్వసమాజ్ కమిటీ అంటరు. ఇది పంచాయతీ కాదు, ఏ చట్టం కింద పుట్టింది కాదు. బెల్టు షాపుకు వేలం పెట్టేది, ఇసుకకు వేలం పెట్టేది, గుడి కట్టించేది, బోరు వేయించేది, దండుగలు వేసేది అన్నీ అదే. మంచి పనులు చేసిన కమిటీలు లేవని మేం అనం. బడికి గదులు కట్టించినోళ్లు ఉన్నరు. కానీ తీర్పులు చెప్పే అధికారం వాళ్లకు ఎవరిచ్చిన్రు? ఆనాడు కమిటీ ముందర సాక్ష్యమేందంటే రెండు కాంటా చీటీలు. ముద్దాయిని అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎవరికమ్మినవ్? దండుగ ఇరవై అయిదు వేలు. కట్టనన్నడు. తీయనిదానికి ఎందుకు కట్టాలె అన్నడు.

తెల్లారి చాటింపు. ఆ ఇంటికి కిరాణం సామాను ఇయ్యొద్దు, పాలు పోయొద్దు, పనికి పిలవొద్దు, మాట్లాడినోళ్లకు కూడా దండుగ. ఆ చాటింపు వేసిన డప్పు ఎవరి చేతిలో ఉన్నది? ఈ పిల్ల పెదనాయిన వరసైన మనిషి చేతిలోనే. మన చేతి డప్పుతోనే మన ఇంటి మీద చాటింపు. ఆయన రెండు రోజులు అన్నం తినలేదని ఆ పిల్ల చెప్పింది. ఆయన్ను తప్పుపట్టే ముందు, కొట్టనంటే ఆయనకు ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

ఇదంతా చెప్పి ఆ పిల్ల అన్నది: "సార్, పసుపు సంగతి తెలిసినోళ్లు ఒక్కరున్నా ఆనాడే తేలిపోవు. సగం ఎండిన కొమ్మును ఇరిస్తే వంగుతది. నిండ ఎండినదాన్ని ఇరిస్తే టప్పున ఇరుగుతది, ఇనుము చప్పుడు వస్తది. ఆ చీటీ వంగే పసుపుది, ఈ చీటీ ఇరిగే పసుపుది. రెండింటికీ తూకం ఒక్కటే ఎట్లుంటది? మా అమ్మ అప్పుడే చెప్పింది. ఆడోళ్ల మాట ఎవరు వింటరు? కమిటీ కూర్చుంటే ఆడోళ్లు ఆ గడప కూడా ఎక్కరు."

పసుపు పండించే ఊళ్లల్ల ఇది అందరికీ తెలిసిన సంగతే. పచ్చి పసుపు అయిదు క్వింటాళ్లు ఎండితే ఒక క్వింటాలు వస్తది. నీళ్లు పోయిన కొద్దీ తూకం పోతది. వందకు ఇరవై అయిదు పాళ్లు నీళ్లున్న పసుపు పన్నెండు క్వింటాళ్లు ఉంటే, నీళ్లు పది పాళ్లకు దిగేసరికి అది పది క్వింటాళ్లయితది. ఇది ఎనిమిదో తరగతి లెక్క. పాలిష్‌లో పొట్టు, వేళ్లు పోయేది వేరే. రైతుకు ఈ లెక్క తెలియదా? తెలుసు. కమిటీలో కూర్చున్నోళ్లలో పసుపు పండించనోడు ఎంతమంది? అయినా ఆనాడు ఎవరికీ యాదికి రాలేదు. ఎందుకు రాలేదన్నదే ప్రశ్న. కావలి ఉన్నోడు వాళ్ల కులపోడైతే యాదికొచ్చేది. కాంటా మళ్ల చూద్దాం, తేమ ఎంతుండెనో చూద్దాం అనేటోళ్లు.

తర్వాతి ఆదివారం మేం నాటకం పక్కన పెట్టినం. పన్నెండు మంది పిల్లలను చాప మీద కూర్చోబెట్టి ఈ కేసు విచారణ చేయమన్నం. ఆ పిల్ల వాళ్లమ్మను తోలుకొచ్చింది. ఆమె కొంగులో కిలోడు సగం ఎండిన కొమ్ములు కట్టుకొచ్చింది. వేరే ఊరి రైతును అడిగి తెచ్చుకున్నది. మళ్ల దొంగతనం అంటరేమోనని, ఇచ్చినట్టు కాగితం కూడా రాయించుకొచ్చింది! కిరాణా కాంటాలో తూచి, సంఘం గది డాబా మీద ఆరబోసినం. వారం తర్వాత అదే కాంటాలో పెడితే 820 గ్రాములు. ఎవరూ పిడికెడు తీయలేదు. పిల్లలు వంతులవారీగా కావలి కాసిన్రు. ఆ తల్లి ఒక కొమ్ము తీసి అందరి ముందర ఇరిచి చూపింది. సదువుకున్న మేం నలుగురం ఆ చప్పుడు సరిగ్గా విన్నది ఆనాడే. పసుపు ఊళ్లో పుట్టి కూడా.

మిత్రులారా, ఇక్కడ ఆ నాటకానికి ఒక లోపం ఉందని మా పిల్లలు పట్టుకున్నరు. అది కూడా చెప్పాలె. ఆ కుర్రాడు నాటకమంతటా ఒక్క మాట మాట్లాడడు. పేరు లేదు. పన్నెండు మందీ మగవాళ్లే. ఒక మంచి మనిషి నిలబడితే అన్యాయం ఆగుతదని నాటకం నమ్ముతది. మంచి మనిషి దొరకని కాడ సంగతేంది?

దొరకని కాడ ఏమైందో అదే అమెరికాలో, నాటకం టీవీలో వచ్చిన ఏడాదికే తేలింది. 1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్ల పిలగాణ్ని ఇద్దరు తెల్లవాళ్లు రాత్రి పూట ఇంట్లోంచి ఎత్తుకపోయి చంపి నదిలో వేసిన్రు. తెల్లామెతో మర్యాద తప్పిండని నింద. మన ఊళ్లల్ల ఎన్నిసార్లు వినలేదు ఈ నింద! సమ్నర్ అనే చిన్న పట్నంలో విచారణ. జ్యూరీలో పన్నెండు మందీ తెల్ల మగవాళ్లే. జ్యూరీకి పేర్లు ఓటర్ల జాబితాలోంచి తీస్తరు. ఆ జిల్లాలో ఒక్క నల్ల మనిషికి ఓటు నమోదు కానియ్యలేదు. ఆ పిలగాని తాత వరసైన మోజ్ రైట్, పత్తి చేలు పాలుకు చేసే మనిషి, కోర్టులో లేచి నిలబడి ఎత్తుకపోయినోణ్ని వేలు పెట్టి చూపిండు. ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో అది ప్రాణం మీదికి తెచ్చుకునే పని. తర్వాత ఆయన ఊరు ఇడిసిపోవాల్సి వచ్చింది. జ్యూరీ 67 నిమిషాల్లో బయటికొచ్చి నిర్దోషులన్నది. ఏ సాకు మీద? దొరికిన శవం ఆ పిలగానిదేనన్న రుజువు చాలలేదట. అంటే సందేహమట! నాలుగు నెలలకు, 1956 జనవరిలో, ఆ ఇద్దరూ డబ్బులు తీసుకొని ఒక పత్రికకు తామే చంపినమని చెప్పుకున్నరు. ఒకసారి విడుదలైనోళ్లను అదే నేరానికి మళ్ల విచారించే వీలు లేదు.

నాటకంలో వాడ కుర్రాణ్ని బతికించిందీ సందేహమే. సమ్నర్‌లో హంతకులను ఇంటికి పంపిందీ సందేహమే. ఒక్కటే మాట.

మన దేశం సంగతి చూద్దాం. జ్యూరీని తెల్లోళ్లు తెచ్చిన్రు. తెల్లోడు ముద్దాయి అయితే జ్యూరీలో సగం తెల్లోళ్లుండాలని కోరుకునే హక్కు వాళ్లకు ఉండేది. ఇల్బర్ట్ బిల్లు గొడవ తర్వాత 1884లో దాన్ని చట్టంలోనే రాసుకున్నరు. సొంత జాతోళ్ల ముందర కూర్చునే ఏర్పాటు పాలకులు తమకు ఎప్పుడూ చేసుకుంటరు. బొంబాయిలో 1959 నాటి నానావతి కేసులో జ్యూరీ ఎనిమిది మంది ఒక దిక్కు, ఒక్కడు ఒక దిక్కు అయి నేవీ ఆఫీసరును నిర్దోషి అన్నది. హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి శిక్ష వేసింది. అంతకుముందే లా కమిషన్ 1958లో జ్యూరీ వద్దన్నది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో అది పోయింది. మేం దానికి ఏడవడం లేదు. మన ఊళ్లల్ల పన్నెండు మందిని ఏరి జ్యూరీ అని కూర్చోబెడితే ఎవరు కూర్చుంటరో మాకు తెలుసు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఊరును గొప్ప చేసేటోళ్లకు ఎందుకు గట్టిగా జవాబు చెప్పిండో వీడీసీ చాటింపు విన్నోళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

జ్యూరీ పోయింది, జడ్జి ఒక్కడే మిగిలిండు. ఆ గదిలో మనోళ్లు ఎవరున్నరు? 2018 నుంచి 2022 చివరి దాకా దేశంలో హైకోర్టుల్లో నియమించిన 537 మంది జడ్జీల్లో దళితులు 15 మంది. ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ఇది.

చుండూరు యాదికి తెచ్చుకోండి. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపిన్రు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని కొట్లాడి సాధించుకున్నరు. పదహారేళ్లకు, 2007 జూలై 31న, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఎవరు ఏ సమయంలో ఎక్కడ చచ్చిన్రు, కొట్టినోళ్లు ఎవరన్నది ప్రాసిక్యూషన్ అనుమానం లేకుండ రుజువు చేయలేదన్నది. చేలల్లో తరుముతుంటే ప్రాణాల కోసం ఉరికినోళ్లు గడియారం చూసుకున్నరా?

ఇది చెప్తుంటే మా తరగతిలో ఒక పోరడు కోపంగా లేచిండు. "సార్, సందేహం అన్నదే అగ్రకులాల ఆయుధం. మనకెందుకు అది? ఈ నాటకం మనకెందుకు?" అన్నడు. కొంతమంది చప్పట్లు కొట్టిన్రు. మీలో కూడా అట్లనే అనుకునేటోళ్లు ఉంటరు. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని నరికితే, ముద్దాయిల శిక్షలు హైకోర్టులో పోయి, మళ్ల సుప్రీం కోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. ఇరవై మూడేళ్లు. కోపం రావడంలో తప్పు లేదు.

కానీ మేం ఆ పోరనితో ఒప్పుకోలేదు. ఎందుకో చెప్తాం. చిలకలూరిపేట బస్సు కేసు పెద్దవాళ్లకు యాదుంటది. 1993 మార్చి 8న దోపిడీ చేయబోయి బస్సుకు నిప్పు పెడితే 23 మంది సచ్చిపోయిన్రు. ఇద్దరు దళిత యువకులు. జరిగింది చిన్న ఘోరం కాదు, సచ్చినోళ్లలో పేదోళ్లే ఎక్కువ ఉంటరు. 1995లో ఉరి వేసిన్రు, 1996లో సుప్రీం కోర్టు ఖాయం చేసింది. మూడేళ్లలో మొత్తం అయిపోయింది! చుండూరుకు పదహారేళ్లు పట్టిన కోర్టుల వేగం ఇక్కడ చూడండి. 1997 మార్చిలో ఉరికి కొన్ని గంటల ముందర ఆగింది. పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, రచయితలు తిరిగి తిరిగి సంతకాలు చేయించి, 1998లో రాష్ట్రపతి దగ్గర యావజ్జీవంగా మార్పించిన్రు. వాళ్లను చంపే ఉద్దేశం ఉండెనా, డబ్బుల కోసం బెదిరియ్యబోయి చేయి దాటిందా అని అడిగినోళ్లు ఉన్నందుకే వాళ్లు బతికిన్రు.

జైళ్లలో ఎవరున్నరు? జనాభాలో దళితులు 2011 లెక్కల ప్రకారం 16.6 శాతం. జైళ్లలో ఇరవై శాతం దాటి ఉన్నరు. దేశంలో ఖైదీలు నలుగురుంటే ముగ్గురికి ఇంకా విచారణే కాలేదు. దొంగతనం నింద పడ్డ ప్రతి కావలిమనిషికీ కావాల్సింది సందేహమే. దాన్ని మనం పారేసుకుంటే ముందు మెడకు ఉరి పడేది మనకే. చుండూరులో సందేహం తప్పు అని మేం అనం. ఆ సందేహాన్ని ఆ చావుల పక్కన పెట్టి తూచడానికి, తరిమితే ఎట్లుంటదో ఎరిగినోళ్లు ఆ గదిలో లేరు అంటం. అయిదో నంబరు మనిషి లేడు. కొమ్ము ఇరిచి చూపే తల్లి లేదు. పోరడు పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పుడు కూడా ఇక్కడే కూర్చున్నడు, తర్వాత మాట్లాడతడు.

ఇక ఆ ఇంటి సంగతి. పిల్లలు తూకం లెక్క కాగితం మీద రాసి, ముందు కమిటీకే తీసుకపోయిన్రు. "ఇప్పుడు మాకు పసుపు నేర్పుతవా" అన్నడు ఒక పెద్దమనిషి. అప్పుడు పోలీసు స్టేషన్‌కు పోయినం. అక్కడ మొదట్ల రాజీ కమ్మన్నరు. మేం చట్టం కాగితం పట్టుకపోయినం. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 3(1)(జడ్‌సీ) కింద ఎస్సీ, ఎస్టీల మీద సామాజిక, ఆర్థిక బహిష్కరణ పెట్టడం, బెదిరించడం కూడా నేరమే. ఈ నంబరు రాసుకోండి. రాజీ మాట వచ్చినప్పుడు పనికొస్తది. బీసీ కులాల ఇండ్ల మీద బహిష్కరణ పెడితే ఈ చట్టం పనిచేయదు. చాకలి ఇండ్ల మీద, కమ్మరి ఇండ్ల మీద ఎన్నిసార్లు పెట్టలేదు? మహారాష్ట్రలో 2016లో ఏ కులమోళ్లకైనా వర్తించేటట్టు బహిష్కరణ వ్యతిరేక చట్టం చేసుకున్నరు. అటువంటిది అడగాల్సింది మనం ఒక్కరమే కాదు, వాళ్లను కూడా కలుపుకొని అడగాలె.

కేసు కట్టినంక బహిష్కరణ చాటింపు లేకుండనే ఎత్తేసిన్రు. పెట్టినప్పుడు డప్పు, తీసినప్పుడు చప్పుడు లేదు. కేసు నడుస్తున్నది. ఆ పిల్ల మేనమామ ఊళ్లో కావలి పనికి పోవడం మానేసి ఆర్మూరులో హమాలీ చేస్తున్నడు. దొంగ అన్న మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆయన మమ్మల్ని అడిగేది కూడా అదొక్కటే. దండుగ సంగతి ఇడిసిపెట్టుండ్రి, నేను తీయలేదని ఊళ్లో చాటింపు వేపియ్యగలరా అంటడు. దానికి మా దగ్గర ఇప్పటిదాకా జవాబు లేదు.

నాటకం చివరి పది పేజీలు మిగిలి ఉన్నయి. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఇదే గదిలో చదువుతం. ఇంగ్లీషు రాకపోయినా రావచ్చు. వచ్చేటప్పుడు మీ మీ ఊళ్లల్ల వీడీసీలు రాసిన తీర్మానాలు, దండుగ చీటీలు ఏవున్నా జిరాక్స్ తీయించుకొని తెండి. చీటీ ఇయ్యకుండ దండుగ కట్టించుకున్నోళ్లుంటే తారీఖు, అక్కడ కూర్చున్నోళ్ల పేర్లు యాదున్న కాడికి రాసుకొని రండి. ఆ తల్లి కూడా వస్తనన్నది. తూకం చేసిన కొమ్ములు ఇంకా డబ్బాలోనే ఉన్నయి, కేసుకు పనికొస్తయని దాచిపెట్టింది.

జై భీమ్.